వాయిదాల్లో కరిగిపోతున్న భరణం

భార్యాభర్తలు విడిపోయి ఉంటున్నప్పుడు తప్పెవరిదో తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. పిల్లల బడి ఫీజు, ఇంటి అద్దె అప్పటిదాకా ఆగవు. మధ్యంతర భరణం ఏర్పాటు ఉన్నది ఇందుకే. 2001లో నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్‌ను సవరించిన పార్లమెంటు, నెలకు రూ.500 మించరాదన్న పాత పరిమితిని ఎత్తివేసి, మధ్యంతర దరఖాస్తును నోటీసు అందిన నాటి నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో పరిష్కరించాలని చెప్పింది. 2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చినా గడువు మారలేదు, దాన్ని పట్టించుకోని అలవాటూ మారలేదు.

కుటుంబ న్యాయస్థానాల్లో ఇది రోజూ కనిపించేదే. ఇంటికి తాళం వేసి ఉందన్న రాతతో నోటీసు తిరిగొస్తుంది. నోటీసు అందిన తర్వాత వకాలత్‌కు (న్యాయవాదిని పెట్టుకున్న పత్రానికి) ఒక వాయిదా, కౌంటరుకు (జవాబుకు) మరో రెండు, న్యాయవాది మారితే మళ్లీ మొదటికి. బడి రసీదులు, మందుల చీటీలు ఫైలులో పెట్టుకుని, ఆ పూట కూలి వదులుకుని వచ్చిన తల్లికి సాయంత్రం చేతికందేది తర్వాతి తేదీ మాత్రమే.

ఈ సాగదీతకు సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజనీశ్, నేహా కేసు తీర్పుతో కళ్లెం వేయజూసింది. ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని, ప్రతివాది నాలుగు వారాల్లోగా దాన్ని కౌంటరుతో పాటు దాఖలు చేయాలని, అందుకు రెండు వాయిదాలకు మించి ఇవ్వరాదని, కావాలనే జాప్యం చేస్తే అతని ప్రతివాదనను కొట్టివేయవచ్చని, భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచే లెక్కగట్టాలని స్పష్టం చేసింది. ఇంత కచ్చితమైన తీర్పు ఉన్నా, కేసు పడగానే ఉద్యోగం మానేశామనేవారు, నడిచే దుకాణాన్ని తల్లి పేరిట చూపేవారు సగం గడులు ఖాళీగా వదిలేసిన అఫిడవిట్‌తోనే నెట్టుకొస్తున్నారు. తన జీతాన్ని దాచే భార్యకూ ఈ నియమం వర్తిస్తుంది, వర్తించాలి కూడా. అయితే ఆమె సంపాదించగలదన్న మాట వేరు, నిజంగా సంపాదిస్తోందన్న మాట వేరు అని అదే న్యాయస్థానం 2017లోనే చెప్పిన సంగతి మరవరాదు.

విడాకులు పొందిన ముస్లిం మహిళలకూ 125వ సెక్షన్ కింద భరణం కోరే హక్కుందని 2024 జులై 10న సుప్రీంకోర్టు తేల్చింది తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే. కుటుంబ న్యాయస్థానం నెలకు రూ.20 వేలు ఇమ్మంటే హైకోర్టు రూ.10 వేలకు తగ్గించింది. ఆ మధ్యంతర మొత్తం కూడా ఇవ్వనవసరం లేదని భర్త ఢిల్లీ దాకా వెళ్లాడు.

కోర్టు బయట జరిగే రాజీలు మరింత ప్రమాదకరం. ‘ఇద్దరం ఇష్టపూర్వకంగా వేరుగా ఉంటున్నాం’ అని పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద రాయించే వాక్యం పైకి మర్యాదగానే ఉంటుంది. కానీ పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్య భరణానికి అర్హురాలు కాదని ఇదే చట్టం చెబుతోంది గనుక, గొడవ సద్దుమణిగితే చాలనుకుని చేసిన సంతకం రేపు ఆమె మీదికే తిరుగుతుంది. బిడ్డ సంగతి వేరు. బిడ్డకు రావాల్సిన భరణపు హక్కును రాజీపత్రంలో వదులుకునే అధికారం తల్లికి లేదు. పిల్లాణ్ణి చూపించడం లేదన్న కారణంతో తండ్రి డబ్బు ఆపడమూ కుదరదు. చూసే హక్కు కోసం వేరే దరఖాస్తు వేసుకోవచ్చు.

ఉత్తర్వు వచ్చాకా వసూలు పెద్ద తంటాయే. చెల్లించని ఒక్కో నెల భరణానికి నెల వరకు జైలు విధించే వీలుంది, కానీ బకాయి పడిన ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోకపోతే ఆ మొత్తానికి వసూలు వారంటు రాదు. ఈ మెలిక తెలియక నష్టపోయేవారికి సకాలంలో చెప్పాల్సిన బాధ్యత జిల్లా న్యాయసేవాధికార సంస్థలది. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసాయం అందించాల్సినవి అవే. అఫిడవిట్ అసంపూర్తిగా ఉంటే కౌంటరును రిజిస్ట్రీ (కోర్టు కార్యాలయం) దశలోనే తిప్పి పంపేలా, జీతగాళ్ల విషయంలో యజమాని నుంచే భరణం నేరుగా తల్లి ఖాతాలో జమయ్యేలా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు తమ కుటుంబ న్యాయస్థానాలకు ఆదేశాలివ్వాలి. 60 రోజులు దాటిన ప్రతి మధ్యంతర దరఖాస్తుకూ జాప్యానికి కారణమేమిటో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.