వంద ఆణిముత్యాలు, ఒకటే పుస్తకం

పియానో నేర్చుకుంటున్నామని నోరు జారితే చాలు, ఎవరో ఒకరు ఆ పుస్తకం కొని తెచ్చేస్తారు. ఏ పుస్తకమో చెప్పక్కర్లేదు. అట్ట మీద గులాబీ, పక్కన కొవ్వొత్తి, బంగారు అక్షరాల్లో 'ప్రపంచ ప్రసిద్ధ పియానో రచనలు వంద, అతి సులభంగా'. బాఖ్ నుంచి డెబుస్సీ దాకా అందరూ ఒకే కప్పు కింద సర్దుకున్నారు. ఇంకా ఒక్కో స్వరకర్తకు ఒక్కో సంపుటం కొనుక్కునే అమాయకులను చూస్తే జాలేస్తుంది.

సంపాదకుడి పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. అంతటి వినయశీలి చేసిన సేవను మనమైనా చెప్పుకోవాలి. బీథోవెన్ 'మూన్‌లైట్' సొనాటాను సి షార్ప్ మైనర్‌లో రాశాడు. నాలుగు షార్పులు, అంటే స్వరాన్ని అరమెట్టు ఎత్తే గుర్తులు! పిల్లలు బెదిరిపోరూ? అందుకని డి మైనర్‌కు మార్చి, అరమెట్టు దించే ఒక్క ఫ్లాట్‌తో సరిపెట్టాడు. 69 బార్ల (తాళపు గళ్ల) మొదటి భాగాన్ని రెండు పేజీలకు కుదించాడు. ప్రెస్టో అజిటాటో (బహు వేగంగా, కల్లోలంగా) అంటూ మూడో భాగం ఒకటుందన్న దుర్వార్త ఎవరి చెవినా పడనివ్వలేదు. షోపాన్ 'ఫాంటసీ ఇంప్రాంప్టు'లో కుడిచేతి నాలుగు స్వరాలకు ఎడమచేతి మూడు పడే రభసంతా ఎత్తేసి, నడుమనున్న మెత్తటి రాగాన్ని మాత్రం ఉంచాడు. నాట్యానికి రాసిన జి మేజర్ మినియుట్‌కు బాఖ్ పేరే పెట్టాడు. అది బాఖ్ సమకాలికుడు పెట్‌జోల్డ్‌ది అని 1970ల నుంచీ తెలుసు, కానీ పెట్‌జోల్డ్ పేరు చూసి పుస్తకం ఎవరు కొంటారు?

అన్నట్టు కొసరు కూడా ఉంది. అన్ని శ్రుతుల్లోనూ రచనలున్న 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' తొలి ప్రెల్యూడ్‌కు బాఖ్ 35 బార్లు రాశాడు, ఇందులో 36 ఉన్నాయి. 22, 23 బార్ల మధ్య దూరిన ఆ అదనపు బార్ ష్వెంకే అనే పాత సంపాదకుడి చలవ. బీథోవెన్ శిష్యుడు చెర్నీ ఎడిషన్‌లో తిష్ఠ వేసింది, గూనో అదే ప్రెల్యూడ్ మీద కట్టిన 'ఆవే మరియా'లోకీ పాకింది. రెండు శతాబ్దాలు గడిచినా ఖాళీ చెయ్యని అద్దెదారు.

ఈ వైభవం కళ్లారా చూడాలంటే ముందు పుస్తకం తెరుచుకుని నిలబడాలి. మూడొందల పేజీల వీపుకు జిగురు పూసి అతికించారు, దారం పోగు లేదు. స్టాండ్ మీద పెట్టి చేతులు కీల మీదికి తెచ్చేలోగా ఎడమ పేజీ మెల్లగా లేస్తుంది. దానికో క్లిప్పు. కుడి పేజీ అలుగుతుంది. దానికీ ఓ క్లిప్పు. ఎనిమిది బార్లు సాఫీగా సాగాక పేజీ తిప్పాలి, అదీ రెండు చేతులూ ఊపిరాడకుండా ఉన్నచోట. క్లిప్పులు తీసేలోగా పుస్తకం టప్పున మూసుకుంటుంది. అప్పుడు ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషిని పిలిచి పట్టుకోమంటారు. ఆయన శ్రద్ధగానే పట్టుకుంటాడు, ఎడమచేతి స్వరాలుండే బాస్ క్లెఫ్ మొత్తం బొటనవేలి కింద పెట్టుకుని. చివరికి విసిగి పుస్తకాన్ని మోకాలి మీద పెట్టి వెనక్కి విరుస్తారు. పటుక్కున జిగురు పగులుతుంది. అదిగో, తెరుచుకుంది! ఇక ఎప్పుడు తీసినా 'బ్లూ డాన్యూబ్' దగ్గరే తెరుచుకుంటుంది. అది ఆర్కెస్ట్రాకు రాసినది. మిగతా తొంభైతొమ్మిది రచనలూ విడి కాగితాలై పియానో కిందకు చేరతాయి.

కొనేముందు పుస్తకం వీపును పైనుంచి చూడండి. మడతపెట్టిన కాగితాల కట్టలు విడివిడిగా కనబడి, ఒక్కో కట్ట నడుమ దారం ఉంటే అది బతుకుతుంది. కొత్త సంపుటాన్ని ముందునుంచి కొన్ని పేజీలు, వెనకనుంచి కొన్ని పేజీలు మార్చి మార్చి నొక్కుతూ మధ్యకు రావాలి. ఉచిత స్కాన్లున్నాయి కదా అనేవాళ్లకు కూడా ఒక మాట: హెన్లే అనే జర్మన్ ప్రచురణ సంస్థ పేజీ 23.5 × 31 సెంటీమీటర్లు. దాన్ని ఎ4 మీదికి దింపితే నోట్లు చిక్కిపోతాయి, పల్చటి కాగితమైతే స్టాండ్ మీద నడుం వాలుస్తుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇకపైది నవ్వే విషయం కాదు. బాఖ్ ఆ ప్రెల్యూడ్లలో గట్టిగా, మెల్లగా అన్న గుర్తులు దాదాపు పెట్టనే లేదు. ఈ పుస్తకంలో ప్రతి రెండు బార్లకూ ఒక క్రెషెండో (క్రమంగా గట్టిగా అన్న గుర్తు), ప్రతి వాక్యానికీ ఒక స్లర్ (స్వరాలను కలిపే గీత). బ్రాకెట్ లేదు, చిన్న అక్షరం లేదు, ఇది నేను కలిపింది అన్న ఒక్క ముక్క లేదు. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని నమ్మి నెలల తరబడి వేళ్లకు ఎక్కించుకుంటుంది. తర్వాత ఏ టీచరో అదంతా మరిచిపొమ్మంటే తప్పు తనదే అనుకుని ఏడుస్తుంది. పేరు చెప్పుకునే ధైర్యం లేనివాడు తన రాతను బాఖ్ రాతగా ఆ పిల్లకు అంటగట్టాడు. దీన్ని సులభం చెయ్యడం అనకండి, మోసం అనండి. షూబర్ట్‌కూ ఇదే జరిగింది. ఓపస్ (ప్రచురణ సంఖ్య) 90లో మూడో ఇంప్రాంప్టు ఆరు ఫ్లాట్ల జి ఫ్లాట్‌లో ఉంటే, ఆయన పోయిన 29 ఏళ్లకు, 1857లో, ప్రచురణకర్త దాన్ని జి మేజర్‌లో అచ్చేసి అమ్ముకున్నాడు. చచ్చినవాడు అడగడని ధీమా.

'ఉర్‌టెక్స్ట్', అంటే స్వరకర్త అసలు పాఠం, అన్న ముద్ర చూసి కూడా మోసపోకండి, అట్ట మీద ఎవరైనా వేసుకోవచ్చు. లోపల సంపాదకుడి పేరు, ఏయే రాతప్రతులు చూశాడో, ఎక్కడెక్కడ తేడాలున్నాయో చెప్పే వివరణ ఉండాలి. షోపాన్ రచనలు ఫ్రాన్స్, జర్మనీ, ఇంగ్లండ్‌లలో దాదాపు ఒకేసారి వెలువడ్డాయి, మూడింట్లోనూ తేడాలే. పైగా శిష్యుల ప్రతుల్లో ఆయనే పెన్సిల్‌తో దిద్దాడు. వీటిని దాచని ఎడిషన్ కావాలి, పియానిస్టు యాన్ ఎకియెర్ సంపాదకత్వంలోని పోలిష్ జాతీయ ఎడిషన్ అలాంటిది. అచ్చయిన సంవత్సరం కూడా చూడండి. మొజార్ట్ కె. 331 (కె. అంటే ఆయన రచనల జాబితా సంఖ్య) సొనాటా రాతప్రతి పేజీలు కొన్ని 2014లో బుడాపెస్ట్‌లో బయటపడ్డాయి. అంతకుముందు వచ్చిన ఎడిషన్లకు ఆ సంగతి తెలియదు.

వరస చెప్పమంటారా? బాఖ్ 15 ఇన్వెన్షన్లు (రెండు గొంతుల చిన్న రచనలు), తర్వాత వెల్ టెంపర్డ్ రెండు సంపుటాలు. బీథోవెన్ 32 సొనాటాలు ఒకేసారి కొనక్కర్లేదు, ఓపస్ 49 రెండూ విడిగా దొరుకుతాయి. మొజార్ట్ సొనాటాలు, షూబర్ట్ ఇంప్రాంప్టులు, షోపాన్ ప్రెల్యూడ్లు. షోపాన్ ఎట్యూడ్లు (సాధన రచనలు) మాత్రం వేళ్లు సిద్ధమయ్యాకే. చిన్నవాళ్లకు సులభమైనవే కావాలంటే షూమన్ ఓపస్ 68లో 43 ఉన్నాయి, బార్టోక్ 'మైక్రోకాస్మోస్' ఆరు సంపుటాల్లో 153 ఉన్నాయి, చిన్నవాళ్లకు తొలి సంపుటాలు చాలు. స్వయంగా స్వరకర్తలే పిల్లల కోసం రాసిపెట్టారు, ఎవడూ కుదించక్కర్లేదు.

ఏ స్వరానికి ఏ వేలో చెబుతూ అచ్చులో ఉన్న ఫింగరింగ్ మీ చేతికి కుదరకపోతే మార్చుకోండి, చాలాసార్లు అది సంపాదకుడిదో ఇంకో పియానిస్టుదో తప్ప స్వరకర్తది కాదు. మెత్తటి 2బి పెన్సిల్‌తో, పల్చగా. పెన్నుతో గీసేవాళ్ల సంగతి ఇంకోసారి చూద్దాం.