మూడో వరుసలో కనపడని మొహాల తరఫున, గ్రూప్ ఫొటో గారికి

గ్రూప్ ఫొటో గారూ,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. నా సంగతి అడిగితే, స్టూలు మీద నిలబడి ఉన్నాను. పన్నెండేళ్ల కిందట మీరు ఎక్కించారు, ఇంతవరకు దించలేదు.

నేను పెళ్లిళ్లు తీస్తాను. కుటుంబాలను తీస్తాను. మధ్యలో నాలుగు రోజులు దొరికితే కెమెరా సంచి భుజాన వేసుకుని ఎక్కడికైనా పోతాను. పెళ్లిలో మీరు ఎదురుపడితే అర్థముంది, అది మీ పుట్టిల్లు. కుటుంబాల దగ్గరా సరే. కానీ మనుషులు లేని చోటు చూసుకుని తెల్లవారుజామున కొండ ఎక్కితే, పైన కూడా మీరే కాచుకుని కూర్చుంటారే, అదీ నా బాధ. ఇన్నేళ్లు మింగుకున్నాను. ఇవాళ కక్కేస్తున్నాను.

ముందు పెళ్లి సంగతి. "గ్రూప్ ఫొటోకి అందరూ రండి" అని నేను కేక వేస్తాను. సగం మంది వస్తారు. "పెద్దమామయ్య ఏడీ?" "భోజనానికి కూర్చున్నాడు." "పిలుచుకురమ్మని ఒకణ్ణి పంపాం కదా, వాడేడీ?" "వాడూ కూర్చున్నాడు." ఈలోగా వచ్చిన సగంలో పావు వంతు విసుగెత్తి వెళ్లిపోతారు. వాళ్లను వెతకడానికి ఇంకొకరు బయల్దేరతారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మాత్రం పొద్దున మొదలుపెట్టిన నవ్వును అలాగే పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ నవ్వు అప్పటికే ఎండి అట్ట కట్టి ఉంటుంది, గోకితే రాలేలా.

సరే, వచ్చారు. ఇప్పుడు నిలబెట్టాలి. మీ కొలువులో ఎవరు కుర్చీలో కూర్చోవాలి, ఎవరు వెనక నిలబడాలి అన్నది నేను తేల్చగలిగింది కాదు. అటు తరఫు వాళ్లకు నాలుగు కుర్చీలు పడి, ఇటు తరఫుకు మూడే పడితే, ఆ లెక్క ఆల్బమ్ కంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇంకో విషయం. ఎవరికీ ఎవరికీ మాటల్లేవో ఫొటోగ్రాఫర్‌కి ఎవరూ ముందుగా చెప్పరు. ఒక పెళ్లిలో మూడో వరుసలో ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. నేను స్టూలు మీద నుంచి హుషారుగా, "ఎందుకు సార్ ఆ దూరం? దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యి వెయ్యండి" అన్నాను. అప్పటిదాకా సంతలా ఉన్న హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. నలభై మంది నన్నే చూస్తున్నారు. అంతమంది ఒకేసారి కెమెరా వైపు చూడటం నా అనుభవంలో అదొక్కసారే. చివరికి అందులో చిన్నాయన, కరెంటు తీగ ముట్టుకుంటున్నట్టు, చెయ్యి వేశాడు. వాళ్లిద్దరూ సొంత అన్నదమ్ములనీ, ఆస్తి తగాదాలతో ఏళ్ల తరబడి మాటల్లేవనీ ఆ రాత్రి బ్యాగులు సర్దుతుంటే మా అసిస్టెంటు తీరిగ్గా చెప్పాడు.

ఇక మీ శరీరతత్వం. మీరు వెడల్పు ఎక్కువ, నాకు గది తక్కువ. వెనక్కి వెళ్దామంటే గోడ తగులుతుంది. గత్యంతరం లేక 24 ఎం.ఎం. లెన్స్ వేస్తాను. అది అందరినీ ఫ్రేములోకి లాక్కొస్తుంది గానీ చివర్లలో ఉన్నవాళ్లను పక్కకు సాగదీస్తుంది. లెన్స్ స్వభావమే అంత. ఆ చివర్లలో ఎప్పుడూ ఎవరు నిలబడతారు? కొంచెం భారీ మనిషిననే బెంగతో, మొహమాటంగా పక్కకు తప్పుకునే వాళ్లే. తీరా ఫొటో చూసి నాకు ఫోన్ చేసేదీ వాళ్లే.

వెలుతురు మీద కూడా మీకు పక్షపాతం ఉంది. ఫ్లాష్‌కి ముందు వరుస రెండు మీటర్ల దూరంలో, వెనక వరుస నాలుగు మీటర్లలో ఉందనుకోండి. దూరం రెట్టింపైతే వెలుతురు సగమవుతుందని అమాయకులు అనుకుంటారు. కాదు, నాలుగో వంతే మిగులుతుంది. అంటే కుర్చీల్లో కూర్చున్న వాళ్లకు పౌర్ణమి, వెనక నిలబడ్డవాళ్లకు అమావాస్య. అందుకే ఫ్లాష్‌ని దూరంగా, ఎత్తులో పెట్టి నానా అవస్థ పడతాను. నేను అలా స్టాండు జరుపుతున్నంతసేపూ "ఇంకా ఎంతసేపయ్యా?" అని ముందు వరుస అడుగుతుంది. వెనక వరుస ఏమీ అడగదు. దానికి అలవాటే.

కళ్లు మూయడం గురించి మీతో ప్రత్యేకంగా మాట్లాడాలి. నా షట్టర్ తెరుచుకుని మూసుకునేది సెకనులో 125వ వంతులో. దాని ముందు రెప్పపాటు అంటే ఒక యుగం. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు కూర్చుని, ఎవరూ కళ్లు మూయని గ్రూప్ ఫొటో ఒక్కటైనా దొరకాలంటే ఎన్నిసార్లు తీయాలో లెక్క కట్టారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2006లో గణితానికి వాళ్లకే వచ్చింది. ఇరవై మంది లోపైతే, మంచి వెలుతురులో జనం సంఖ్యను మూడుతో భాగించు, వెలుతురు సరిగ్గా లేకపోతే రెండుతో భాగించు, అన్నిసార్లు నొక్కు అన్నారు. యాభై మంది దాకా ఉంటే ఇక ఆశ వదులుకోమన్నారు. ఆ మాట చదివిన రోజు నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో చెప్పలేను. తప్పు నాది కాదని లెక్కల వాళ్లు ఒప్పుకున్నారు! అయినా ఏం లాభం, ఆశ వదులుకోమని పెళ్లికూతురి తల్లికి చెప్పే ధైర్యం నాకూ లేదు, ఆ గణితానికీ లేదు.

పైగా నా పక్కన పది ఫోన్లు లేస్తాయి. "ఇటు చూడు, ఇటు ఇటు!" అని ప్రతి ఫోనూ పిలుస్తుంది. ఎవరి బంధువు ఫోన్ వైపు వాళ్లు చూస్తారు. డబ్బులిచ్చి పెట్టుకున్న కెమెరా వైపు చూసేది ఒక్క మా అసిస్టెంటే, అదీ బ్యాటరీ ఎంత ఉందో చూడటానికి.

నవ్వు నాలుగు విధాల చేటు అన్న పెద్దాయన కచ్చితంగా ఫొటోగ్రాఫరే అయి ఉంటాడు. "చీజ్" అనమంటాం. ఆ ఈకారం పెదవులను పక్కలకు లాగుతుంది, అంతే. కళ్లకు కబురు అందదు. డ్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లోనే పుస్తకం వేసి మరీ చెప్పాడు: పెదవుల నవ్వు అడిగితే వస్తుంది, కళ్ల చుట్టూ ఉండే కండరం కదిలే నవ్వు అడిగితే రాదని. పాత రోజులే నయం. ఫొటో పడటానికి చాలాసేపు కదలకుండా ఉండాలి కాబట్టి మెడ వెనక ఇనప కొక్కెం పెట్టి తలను బిగించేవాళ్లు. నవ్వమని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ కొక్కేలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే రాయగలరు.

కుటుంబాల ఫొటో అంటే ఇదే సినిమా చిన్న తెర మీద. మూడేళ్ల పిల్లాణ్ణి నవ్వించడానికి నా వెనక నలుగురు పెద్దవాళ్లు గంతులు వేస్తుంటారు. వాడు వాళ్లను తీర్పు చెప్పబోయే జడ్జిలా చూస్తుంటాడు. నిజం చెప్పాలంటే వెనక్కి తిరిగి ఆ నలుగురినే తియ్యాలి. ఒకసారి తీశాను. "ఇదెందుకు?" అన్నారు.

అక్కడి నుంచి పారిపోయి కొండెక్కానన్నాను కదా. సూర్యుడు వచ్చాక ఆ మెత్తటి బంగారు వెలుగు ఉండేది కాసేపే. స్టాండు వేసి, ఫోకస్ పెట్టి, ఊపిరి బిగబట్టుకుని ఉంటే వెనక నుంచి ఒక వేలు భుజం మీద తడుతుంది. "అన్నా, ఒక్క ఫొటో తీస్తారా? మేము పద్నాలుగు మందిమి." అంత పెద్ద కెమెరా మెడలో ఉన్నవాడు కాదనలేడు. వాళ్ల ఫోన్‌లో తీస్తాను. చూసుకుని "ఇంకొక్కటి" అంటారు. సూర్యుడు కూడా మర్యాదగా కాసేపు చూసి, పైకి వెళ్లిపోతాడు. తర్వాత మొహమాటం కొద్దీ "మీది కూడా తియ్యమంటారా?" అని నా కెమెరా తీసుకుంటారు. ఆ విధంగా నా దగ్గర నావి బోలెడు ఫొటోలున్నాయి. ఒక్కదాంట్లోనూ కాళ్లు లేవు.

మీరు పుట్టించిన వాటిలో నేను అసూయపడేవి రెండే. 1927లో బ్రసెల్స్‌లో సాల్వే సదస్సుకు వచ్చిన శాస్త్రవేత్తల ఫొటో మొదటిది. 29 మంది, అప్పటికో ఆ తర్వాతో వాళ్లలో 17 మందికి నోబెల్. ముందు వరుసలో ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ. మొహాల్లో మాత్రం భోజనం ఆలస్యమైన పెళ్లివారి కళే. అంతమంది మేధావులను కుర్చీలకు ఒప్పించిన ఆ ఫొటోగ్రాఫర్ పేరు బెంజమిన్ కూప్రీ. పేరు విన్నారా? ఆయన ఫొటో చూశారా? అదీ మా బతుకు. రెండోది 1969 జూలైలో చంద్రుడి దగ్గర అపోలో 11 వ్యోమగామి మైఖేల్ కాలిన్స్ తీసింది. ముందు చంద్రుడి మీద నుంచి తిరిగొస్తున్న ఇద్దరి నౌక, వెనక భూమి. ఆ రోజు బతికున్న మనుషుల్లో ఆ ఫ్రేము బయట ఉన్నది ఆయనొక్కడే అంటారు. అంతమంది దిగారు, నేను కళ్లు మూశాను మళ్లీ తియ్యమని ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. ఎంత అదృష్టవంతుడు!

నాకు చేస్తారు. ఆల్బమ్ ఇచ్చిన రోజు మీ పేజీ తెరవగానే ప్రతివాళ్లూ వెతికేది ఒక్క మొహం కోసమే. ఎవరిది వాళ్లది. "ఇందులో నేను బాలేను, రెండోదాంట్లో తల తెచ్చి ఇందులో పెట్టండి" అంటారు. పెడతాను. పెద్దమామయ్య కళ్లు నాలుగో ఫ్రేములోవి, పిన్ని తల తొమ్మిదోదాంట్లోది, పిల్లాడు మొత్తంగా పదకొండులోంచి వస్తాడు. గోడకెక్కిన మీ రూపం ఏ క్షణానిదీ కాదు, అలా వాళ్లందరూ ఎప్పుడూ నిలబడలేదు. ఈ మోసంలో మనిద్దరం భాగస్తులం కాబట్టి దీని మీద ఎక్కువ మాట్లాడను.

ఇంతవరకు రాసి, ముగింపులో ఇంకా గట్టిగా నాలుగు మాటలు అందామని ఆలోచిస్తుండగా ఫోన్ వచ్చింది.

రెండేళ్ల కిందట పెళ్లి తీసిన అమ్మాయి. "అన్నా, బావున్నారా" అని కొంచెంసేపు ఆగింది. "నాన్న పోయారన్నా. పెద్ద సైజు ఫొటో ఒకటి కావాలి. ఆయన ఒక్కరే ఉన్నది ఏదైనా ఉంటే చూస్తారా?"

డిస్కు తీసి చూశాను. రెండు వేల ఎనిమిది వందల ఫ్రేములు. ఒకదాంట్లో ఆయన కుర్చీ మోసుకుపోతున్నాడు, మొహం కుర్చీ వెనక. ఒకదాంట్లో వీపు. ఒకదాంట్లో ఎవరికో డబ్బు లెక్కపెట్టి ఇస్తున్న చేతులు, అంతే. సహజంగా తీస్తానని, క్యాండిడ్‌లో నా తర్వాతే ఎవరైనా అని చెప్పుకు తిరిగేవాణ్ణి, రోజంతా పెళ్లికూతురి వెంట తిరిగాను. ఆ పెళ్లి ఖర్చంతా పెట్టుకున్న మనిషి మొహం నా దగ్గర లేదు.

మీ దగ్గర ఉంది. మూడో వరుస, కుడి నుంచి రెండో మనిషి. పదహారు ఫ్రేములు తీశాను. మొదటిదాంట్లో ఆయన లేడు, ఎవరినో పిలవడానికి వెళ్లాడు. రెండోదాంట్లో సగం వచ్చాడు. నాలుగు నుంచి పదహారు దాకా స్కూల్లో హాజరు చెబుతున్నట్టు బిగుసుకుని నిలబడ్డాడు. మూడోదాని మీద నా ఎర్ర గుర్తుంది, పనికిరాదని. అందులో పెళ్లికొడుకు కళ్లు మూశాడు, పెళ్లికూతురు వెనక్కి తిరిగి ఏదో అంటోంది, ఆమె తల వెనకభాగమే కనపడుతోంది. ఆయన ఆ మాటకు నవ్వుతున్నాడు. పళ్లన్నీ కనపడేలా, కళ్లు చిన్నవైపోయేలా. డ్యుషెన్ గారి కండరం.

పెద్దది చేశాను. హాల్లో వెలుతురు చాలక అపెర్చర్‌ని, అంటే వెలుతురు లోపలికొచ్చే లెన్స్ కన్నాన్ని, ఎఫ్ 4 దాకా పెద్దగా తెరిచాను కాబట్టి మూడో వరుస కాస్త మెత్తగా పడింది. గరుకు కూడా ఉంది. అది సర్దొచ్చు. ఎడమ భుజం మీద మాత్రం పక్కాయన చెయ్యి ఉంది, నాలుగు వేళ్లు, అంటీ ముట్టనట్టు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఫొటో దొరికిందని చెప్పి, ఆ చెయ్యి తీసెయ్యమంటారా అని అడిగాను.

"చూపించండి" అంది. పంపాను. చాలాసేపటికి మెసేజ్ వచ్చింది. "ఉండనివ్వండన్నా. బాబాయిది."

కాబట్టి ఈ ఉత్తరాన్ని గట్టిగా ముగించే ఓపిక ఇవాళ్టికి లేదు. వచ్చే ఆదివారం ఇంకో పెళ్లి ఉంది, అరవై మంది అంటున్నారు. స్టూలుకు ఒక కాలు ఊగుతోంది, బాగు చేయించాలి.

ఇట్లు,
ఫ్రేములో లేనివాడు

తా.క.: ఎడమ చివర నిలబడ్డ పెద్దమనిషి మళ్లీ ఫోన్ చేశారు. తను అంత లావు లేనని. లెన్స్ సంగతి చెప్పాను. "మరి మా తోడల్లుడు సన్నగా ఎలా పడ్డాడు?" అని అడుగుతున్నారు. ఆయన మధ్యలో నిలబడ్డాడని మీరే చెప్పండి, నా మాట నమ్మడం లేదు.