ఎంగిలి చేతికి ఎవరు పోస్టర్ వేశారు?

అనంతపురం వైపు ఒక పల్లె. ప్రాథమిక పాఠశాల, 96 మంది పిల్లలు, నీళ్ళ ట్యాంకు కింద రెండు కుళాయిలు. కిందటి నెల వాంతులు, విరేచనాలతో పదకొండు మంది పిల్లలు ఒకరి వెనక ఒకరు బడి మానేశారు. విద్యా కమిటీ చేతిలో తొమ్మిది వేలు ఉన్నాయి. ఆ డబ్బుతో చేతులు కడుక్కునే పద్ధతిని గోడ మీద ఏడు బొమ్మలుగా వేయించి, వరండాలో శానిటైజర్ స్టాండ్ పెట్టాలని హెడ్మాస్టారి పట్టు. కమిటీ ఛైర్మన్, నాలుగో తరగతి పిల్లాడి తల్లి, ససేమిరా అంటోంది. ఊరూ మనుషులూ కల్పితం. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది. మాస్టారిని తేలిగ్గా ఓడించకూడదని మాత్రం ముందే అనుకున్నాను.

మాస్టారు: అమ్మా, ముందు ఒక్క ప్రశ్న. అన్నం తిన్నాక ఎంగిలి చెయ్యి కడుక్కోని పిల్లాడిని ఎప్పుడైనా చూశారా?

ఛైర్మన్: లేదు సార్. ఎంగిలి చేత్తో కుండ ముట్టుకుంటే మా అత్త ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది.

మాస్టారు: మరి దానికి ఎవరు పోస్టర్ వేశారు? ఎవరు కుళాయి పెట్టించారు? ఈ ఊళ్ళో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం బిందెలు వరస పెట్టిన ఏడు కూడా తిన్న చెయ్యి కడుక్కోకుండా ఎవరూ లేవలేదు. చిన్నప్పుడే ఒంటికి పట్టించారు కాబట్టి. తినకముందు కడుక్కోమని మాత్రం మనం ఎవరికీ పట్టించలేదు. అంటే లోటు నీళ్ళది కాదు, నేర్పడంలో. అందుకే నాకు ఆ గోడ కావాలి.

ఛైర్మన్: మీరన్నది కాదనను. కానీ ఎంగిలికి మెతుకుంటుంది, జిడ్డుంటుంది, కంటికి కనబడుతుంది. చెంబెడు నీళ్ళు పోసుకుంటే పోతుంది, సబ్బు అడగదు. మీరు చెప్పే క్రిమి కనబడదు, నీళ్ళకు లొంగదు. సబ్బు కావాలి, కాస్త సేపు కావాలి. ఆ సేపు మన బళ్ళో ఎక్కడుంది? మీ ఏడు బొమ్మలూ పూర్తి చేయడానికి ఎంత పడుతుంది?

మాస్టారు: సరిగ్గా చేస్తే నలభై సెకన్లు.

ఛైర్మన్: 96 మంది, రెండు కుళాయిలు. కుళాయికి 48 మంది. లెక్క మీరే కట్టండి, సైన్సు మీది.

(మాస్టారు చాక్‌పీసు తీసుకోలేదు. పెదవులు మాత్రం కదిలాయి.)

మాస్టారు: ముప్పై రెండు నిమిషాలు.

ఛైర్మన్: అన్నం గంట కొట్టాక ముప్పై రెండు నిమిషాలు! గుడ్డు చల్లారిపోతుందని ముందున్నోడిని వెనకున్నోడు నెడతాడు. నిన్న మా వాడిని దూరం నుంచి చూశాను. రెండు వేళ్ళ కొసలు నీళ్ళ కింద పెట్టాడు, నిక్కరుకు తుడిచాడు, కంచం తీసుకుని పరిగెత్తాడు. వాడికి మీ పాఠం మొత్తం నోటికొచ్చు సార్. ఇంట్లో మాకే చెబుతాడు.

మాస్టారు: నోటికొచ్చినంత మాత్రాన చేతికొచ్చినట్టు కాదు కదా. అందుకే ఒక పని చేశాను, చూడండి. మీ వాడి తరగతిలోనే. అరచేతికి కొబ్బరినూనెతో పసుపు పూశాను, వేళ్ళ సందుల్లోకీ గోళ్ళ కిందికీ వెళ్ళేలా. తర్వాత సబ్బుతో రుద్దమన్నాను. పారాణి ఎలా తయారవుతుందో మీకు తెలుసు కదా?

ఛైర్మన్: పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది.

మాస్టారు: సబ్బుకీ సున్నంలా క్షారగుణం ఉంటుంది. సబ్బు తగిలిన చోటల్లా చెయ్యి ఎర్రబడుతుంది, తగలని చోటు పచ్చగానే ఉండిపోతుంది. ఇరవై మంది చేతులు చూశాను. అరచేతులు ఎర్రగా మెరిసిపోతున్నాయి. బొటనవేలి మొదలు పచ్చన. వేళ్ళ సందులు పచ్చన. గోళ్ళ కింద అయితే ముద్దపసుపే. అది చూశాక పిల్లలు నోరెళ్ళబెట్టారు. సబ్బు చేతికిచ్చినా ఇదీ సంగతి. నేర్పకుండా వట్టి కుళాయిలు పెడితే బొటనవేలు ఎవరు రుద్దుతారు?

(ఇక్కడ ఆమె కాసేపు మాట్లాడలేదు. నాకూ జవాబు తోచలేదు.)

ఛైర్మన్: బాగుంది సార్, ఆ పసుపు ఆట. గోడ మీద బొమ్మ కన్నా వెయ్యి రెట్లు నయం, పైగా రూపాయి ఖర్చు లేదు. అదే నెలకోసారి చేయించండి. పెయింటరుకు అయిదు వేలెందుకు?

మాస్టారు: బొమ్మ రోజూ కంటికి కనబడుతుందమ్మా. చెప్పిందే చెప్పాలి, చూపిందే చూపాలి. 1847లో వియన్నాలో పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు వచ్చి కాన్పులు చేస్తున్నారని, అందుకే బాలింతలు జ్వరంతో చచ్చిపోతున్నారని పట్టుకున్నాడు. ఏప్రిల్లో నూటికి 18 మంది పోయారు. బ్లీచింగు లాంటి క్లోరిన్ నీళ్ళతో కడుక్కున్నాకే లోపలికి రావాలన్నాడు. జూన్ కల్లా అది నూటికి రెండుకు పడిపోయింది. అయినా పెద్ద పెద్ద డాక్టర్లు నమ్మలేదు. చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో చచ్చిపోయాడు ఆ మహానుభావుడు. చదువుకున్నవాళ్ళకే ఎక్కలేదు, పిల్లలకు ఒక్కసారి చెబితే ఎక్కుతుందా?

ఛైర్మన్: అయ్యో పాపం. కానీ సార్, ఆ రెండు నెలల్లో చావులు తగ్గింది బోధపడి కాదు కదా? వాళ్ళకు ఎక్కనే లేదని మీరే అన్నారు. వార్డులోకి వెళ్ళే దారిలో ఆ నీళ్ళు పెట్టి, కడుక్కుంటే గానీ కదలనివ్వలేదు కాబట్టి తగ్గింది. అన్నం బండ దగ్గర నాకు కావాల్సింది కూడా అదే.

మాస్టారు: (నవ్వి) మీరు ప్లీడరు కావాల్సింది. సరే, ఇంకోటి. కరాచీ మురికివాడల్లో చేసిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. సబ్బుతో చేతులు కడుక్కున్న ఇళ్ళలో చిన్నపిల్లల న్యుమోనియా, విరేచనాలు దాదాపు సగానికి తగ్గాయి. అక్కడ కార్యకర్తలు వారం వారం ఇంటికొచ్చి చెప్పారు.

ఛైర్మన్: వచ్చేటప్పుడు వట్టి చేతులతో వచ్చారా?

మాస్టారు: ...సబ్బు తెచ్చిచ్చారు. క్రిములు చంపే ఖరీదైన సబ్బు కొందరికి, మామూలు సబ్బు కొందరికి. రెండూ ఒకేలా పనిచేశాయి.

ఛైర్మన్: చూశారా! సబ్బు ఇచ్చి చెప్పారు. మీరేమో చెప్పి ఊరుకుంటానంటున్నారు.

మాస్టారు: ఊరుకోవడం లేదమ్మా, శానిటైజర్ పెడుతున్నాను. నీళ్ళ గొడవే లేదు, వరస లేదు, రెండు చుక్కలు వేసుకుని పోవచ్చు.

ఛైర్మన్: మా పెద్దమ్మాయి నర్సింగు చదువుతోంది, ఆ పిల్లను అడిగాను. చెయ్యి శుభ్రంగా ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుందట. మట్టీ జిడ్డూ ఉన్న చేతి మీద లాభం తక్కువట. మన పిల్లలు ఇంటర్వెల్లో గోళీలాడి వస్తారు సార్. పైగా వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దానికి సరిగ్గా లొంగదట. నులిపురుగుల గుడ్లకైతే అది లెక్కే కాదట. ఏడాదికి రెండుసార్లు మీరే ఆల్బెండజోల్ మింగిస్తారు, మూడో నెలకు మళ్ళీ గోకుడు. ఆ స్టాండ్ ఆసుపత్రిలో పెట్టుకోమనండి, అక్కడ దానికి పనుంది.

మాస్టారు: అందులో నిజముంది. ఒప్పుకుంటాను. మరి కుళాయిలకే అంత డబ్బు పోస్తే ఎన్ని వస్తాయి? నాలుగు. ఉన్న రెండూ కలిపితే ఆరు, అప్పటికీ పదకొండు నిమిషాలు పడుతుంది.

ఛైర్మన్: కుళాయిలెందుకు? మా ఆయన తోటలో డ్రిప్ వేశాడు కదా. ఒక పైపుకు అడుగుకో చిల్లు, మొదట్లో ఒకటే వాల్వు. పది అడుగుల పీవీసీ పైపు నడుమెత్తున కట్టి పది చిల్లులు పెడితే పదిమంది ఒకేసారి నిలబడతారు.

మాస్టారు: (కుర్చీ ముందుకు జరిపి) ఇది ఫిలిప్పీన్స్ బళ్ళలో చేస్తున్నారు! పిల్లలంతా వరసగా నిలబడి కలిసి కడుక్కుంటారు, పక్కన టీచరు నిలబడతాడు. పది విడతలు, నలభై సెకన్ల చొప్పున... ఏడు నిమిషాలు కూడా పట్టదు. అందరూ కలిసి చేస్తుంటే బొటనవేలు నేనే అరిచి రుద్దిస్తాను.

ఛైర్మన్: మీరూ కడుక్కోండి మరి. చాక్‌పీసు చేత్తో బిస్కెట్ తినడం కిటికీలోంచి చూస్తూనే ఉంటాం.

(స్టాఫ్ రూంలో ఎవరో దగ్గారు, మోచేతిలోకి కాదు, అరచేతిలోకే. వాదన నడుస్తుండగానే.)

మాస్టారు: సబ్బు సంగతి తేల్చండి. పెట్టిన మూడో రోజుకు మాయమవుతుంది. పోయినేడు పెట్టించాను, అరిగిపోయే దాకా ఒక్క సబ్బూ మిగల్లేదు. అందుకే బీరువాలో దాచాను.

ఛైర్మన్: ఆ బీరువాలో సబ్బు ఎండి పగుళ్ళిచ్చింది సార్, నేను చూశాను. తాళం మీ జేబులో, మీరు మండలం మీటింగులో. ఇక పిల్లలు దేంతో కడుక్కుంటారు? పెద్ద వాటర్ బాటిల్లో, లీటరున్నర నీళ్ళకు నాలుగు చెంచాల బట్టలపొడి కలపండి, మూతకు చిల్లు పెట్టండి. దాన్నెవరూ ఇంటికి ఎత్తుకుపోరు.

మాస్టారు: రోజూ ఎవరు కలుపుతారు?

ఛైర్మన్: అయిదో తరగతి పిల్లలు, వారానికి ఇద్దరు.

మాస్టారు: అయితే బొమ్మల గోడ...

ఛైర్మన్: పైపు బిగించాక డబ్బు మిగిలితే వేయించండి. బొటనవేలు ఒక్కటి పెద్దదిగా వేయించండి, చాలు.

మాస్టారు: ఆ ఒక్కటీ ఎర్రగా వేయిస్తాను. శానిటైజర్ విషయం మాత్రం వచ్చే మీటింగులో మళ్ళీ ఎత్తుతాను, చెప్పేస్తున్నా.

ఛైర్మన్: ఎత్తండి. వాల్వు రేపు మా ఆయన తెస్తాడు, ఇంట్లో ఒకటి మిగిలింది. సాయంత్రం పైపు కొలతకు తాడు పంపిస్తాను, మీరు ఇంటికి వెళ్ళిపోకండి.