పక్షవాతం కేసు: చీటీ మీద టైమ్ ఏదీ?

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఆ రోజు పొద్దున ఆరింటికి చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. తీద్దామంటే కుడిచెయ్యి లేవలేదు. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. హైదరాబాద్ బోరబండలోనే దగ్గరున్న నర్సింగ్ హోమ్‌కి ఆటోలో తీసుకెళ్లారు. బీపీ చూసి, సెలైన్ పెట్టి, రెండు గంటలు పడుకోబెట్టారు. అక్కడ సీటీ స్కాన్ లేదు. స్కాన్ సెంటర్ తెరిచాక అక్కడికి, ఆ ఫిల్ములు పట్టుకుని ఇంకో ఆసుపత్రికి, అక్కడ అడ్వాన్స్ కట్టలేక మూడో చోటికి తిరిగారు. మెదడు నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగల డాక్టర్ ఆయన్ని చూసేసరికి పదకొండున్నర. దానికి గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు. పదిన్నరకే దాటిపోయింది.

ఇలాంటివి విన్నప్పుడల్లా మనం ట్రాఫిక్‌ని తిడతాం. పొద్దున ఆరింటికి బోరబండ నుంచి పంజాగుట్ట నిమ్స్‌కి అరగంట కూడా పట్టదు. ఆయన టైమ్ పోయింది రోడ్డు మీద కాదు, ఎక్కువగా ఆసుపత్రుల్లోనే.

రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతంలో (స్ట్రోక్) నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు. అలాగని వచ్చినవాళ్లందరికీ ఇంజెక్షన్ వేసేయడానికీ లేదు. నాళం చిట్లి మెదడులో రక్తం కారుతుంటే అదే మందు ప్రాణం తీస్తుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేల్చేది స్కానే. కాబట్టి స్కాన్ లేని చోట ఎంత మంచి డాక్టరున్నా చేయాల్సింది వెంటనే పంపించడం. సెలైన్ పెట్టి చూద్దాం అనడం కాదు.

పెద్ద నాళంలో ఇరుక్కున్న గడ్డను గజ్జల దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి లాగేసే చికిత్స 2015 నుంచి స్థిరపడింది. కొందరికి 24 గంటల దాకా అవకాశం ఉంటుంది. హైదరాబాద్‌లో అదీ దొరుకుతుంది, ఖర్చు లక్షల్లో. హైటెక్ సిటీలో ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగికి ఆ దారి తెరిచే ఉంటుంది. మా వాచ్‌మన్‌కి దక్కింది ఆస్పిరిన్, ఫిజియోథెరపీకి రాసిచ్చిన కాగితం. రోజూ ఆటో కిరాయి ఎవరిస్తారో అందులో రాయలేదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. మంచి పనే. కానీ ఆ కార్డు అక్కరకొచ్చేది సరైన గేటు దాటాకే. ఏ గేటు సరైనదో పొద్దున ఆరింటికి కంగారులో ఉన్న భార్యకి ఎవరు చెప్పాలి? 2005 నుంచి 108 నడుస్తున్న ఊరిది. ఆ గంటకి స్కానూ న్యూరో డాక్టరూ సిద్ధంగా ఉన్నది ఎక్కడో ఆంబులెన్స్‌కి తెలియాలి, దారిలోంచే ఫోన్ వెళ్లాలి.

ఇంకోటి. గేటు దాటిన క్షణం నుంచి ఇంజెక్షన్ పడేదాకా గంట మించకూడదన్నది ప్రపంచమంతా వాడే కొలత. ప్రతి ఆసుపత్రీ తన నిమిషాలు ఎన్నో ఏటా బయటపెట్టాలి, సర్కారుదైనా కార్పొరేట్‌దైనా. మెట్రో పిల్లర్ల మీద ప్రకటనల్లో మెషీన్ ఫొటోలుంటాయి గానీ ఈ అంకె మాత్రం కనబడదు.

ఆయన కాగితాలన్నీ నేను తిరగేశాను. మూడో ఆసుపత్రి కేసు షీటులో ప్రతిదానికీ టైమ్ వేశారు. మొదటి నర్సింగ్ హోమ్ చీటీ మీద బీపీ ఉంది, సెలైన్ ఉంది, కట్టిన డబ్బు ఉంది. ఆయన ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి పంపించారో లేదు.