పచ్చిక ఎండితే ఎండనివ్వండి

జలాశయాల అడుగున నెర్రెలిచ్చిన మట్టి బయటపడే రోజులు వచ్చినప్పుడు పాలకుల చూపు మొట్టమొదట పడేది ఇళ్ల ముందరి పచ్చిక మీద, పెరటి తోటల మీద. తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి వాడుకునే నీటిలో కోత పెట్టడం కన్నా తోటకు పారే నీటిలో కోత పెట్టడం సులువు, న్యాయం కూడా. ఈ వరుసతో మాకు పేచీ లేదు. కరవు కాలంలో ఇంటి తోటల నీటి వాడకంపై ఆంక్షలు ఉండి తీరాలనే మేము భావిస్తున్నాము. మా అభ్యంతరమల్లా ఆ ఆంక్షలను రాసే తీరు మీదనే. పచ్చికనూ పాతికేళ్ల చెట్టునూ ఒకే గాటన కట్టి, రోజులనూ గంటలనూ లెక్కించి, లీటర్లను మాత్రం లెక్కించని ఉత్తర్వులు నీటిని ఆశించినంతగా మిగల్చవు. మిగిల్చిన కాస్త నీటికీ పెద్ద మూల్యమే చెల్లించవలసి వస్తుంది.

పచ్చిక ఎంత తాగుతుందో తెలుసుకోవడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. 100 చదరపు మీటర్ల పచ్చికకు వారానికి 25 మిల్లీమీటర్ల తడి ఇస్తే 2,500 లీటర్లు ఖర్చవుతాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే వాడుకోవాలని పరిమితి పెట్టింది. ఆ లెక్కన నలుగురున్న కుటుంబం పన్నెండు రోజులకు పైగా గడుపుకోగల నీరు వారం తిరిగేసరికి గడ్డి పాలవుతుంది. అమెరికాలో సగటున ఇంటి నీటి వాడకంలో 30 శాతం వరకు ఆరుబయట పనులకే పోతుందని, అలా పారించిన దానిలో దాదాపు సగం గాలికి, ఆవిరికి, పొర్లి పారడానికి వృథా అయ్యే అవకాశముందని ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలాకాలంగా చెబుతోంది. కాలిబాట మీదికి నీరు చిమ్ముతూ తిరిగే స్ప్రింక్లర్‌ను ఒక్కసారైనా చూసినవారికి ఈ మాట వింతగా అనిపించదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇంటి లోపల వాడిన నీరు మురుగు కాలువలోకి చేరుతుంది, శుద్ధి చేస్తే తిరిగి పనికి వస్తుంది. తోటకు పోసిన నీటిలో ఎక్కువ భాగం ఆకుల నుంచి, నేల నుంచి ఆవిరై పోతుంది. ఎడారిలో వెలిసిన లాస్‌వేగాస్ ఈ తేడాను అందరికన్నా బాగా గ్రహించింది. అక్కడ ఇళ్ల లోపల వాడిన నీటిని దాదాపు మొత్తంగా శుద్ధి చేసి కొలరాడో నది మీది మీడ్ జలాశయానికి మళ్లిస్తారు. అందువల్ల ఆ నగరానికి స్నానాల గది సమస్య కాలేదు, గడ్డి సమస్య అయింది. గడ్డి పీకేసిన ఇళ్లవారికి డబ్బు ఇవ్వడంతో మొదలుపెట్టి, 2021లో ఆ నగరం ఉన్న నెవాడా రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. ఎవరూ కూర్చోని, ఎవరూ ఆడుకోని, కేవలం చూపు కోసం రోడ్ల పక్కనా కార్యాలయాల ముందూ పెంచిన పచ్చికకు 2026 ముగిసిన తరువాత కొలరాడో నది నీటిని వాడడానికి వీలులేదన్నది దాని సారాంశం. ఒక్కో కుటుంబం నివసించే విడి ఇళ్ల పచ్చికను ఆ చట్టం ముట్టుకోలేదు. ముందుగా పనికిరాని పచ్చికను పట్టుకోవడమే సరైన వరుస అని మా అభిప్రాయం.

పచ్చిక ఎండిపోయిందంటే చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. గోధుమరంగుకు తిరిగిన గడ్డి చాలా సందర్భాలలో నిద్రలో ఉన్నట్టే లెక్క. ఆకులు ఎండినా నేలకు ఆనుకుని ఉండే మొదలు బతికే ఉంటుంది, కొన్ని వారాల పాటు నీరు లేకుండా ఓపిక పడుతుంది, తడి తగలగానే మళ్లీ చిగురిస్తుంది. గరిక సంగతి చెప్పనే అక్కరలేదు. నేల అడుగున పాకే దాని దుంపకాండాలు ఎన్ని ఎండలకైనా తట్టుకుంటాయి. పచ్చిక నిజంగానే చచ్చినా ఒక్క వర్షాకాలంలో మళ్లీ పెంచుకోవచ్చు. చెట్టు విషయం అలా కాదు. దాని లోపల జరుగుతున్న నష్టం వెంటనే పైకి కనిపించదు. వేళ్లు ఎండి, బెరడులోకి పురుగు చేరి, ఒకటి రెండేళ్ల తరువాత కొమ్మలు మోడువారినప్పుడు గాని యజమానికి తెలియదు. అప్పటికి కరవు పోయి, దానితోపాటు ఉత్తర్వూ పోయి ఉంటుంది. ఏళ్ల తరబడి పచ్చికకు పెట్టిన పైపై తడి మీదనే ఆధారపడిన చెట్ల వేళ్లు లోతుకు దిగవు గనుక, ఆ తడిని ఒక్కసారిగా ఆపేస్తే మొదట దెబ్బ తినేవి అవే. కాలిఫోర్నియాలో 2015లో పచ్చికలు ఎండబెట్టుకోండని ప్రజలను కోరిన ప్రభుత్వమే, చెట్లను మాత్రం ఎండనివ్వకండంటూ వేరుగా ప్రచారం చేయవలసి వచ్చింది. ఈ తేడా ఉత్తర్వు మొదటి వాక్యంలోనే ఉండి ఉంటే ఆ రెండవ ప్రచారం అవసరమయ్యేది కాదు.

నీడనిచ్చే చెట్టు ఎండాకాలంలో ఇంటిని చల్లబరుస్తుంది, వీధిని చల్లబరుస్తుంది. దానికి వారానికో రెండు వారాలకో ఒకసారి, కొమ్మలు విస్తరించినంత మేర పాదు చేసి, నెమ్మదిగా లోతుకు ఇంకేలా నీరు పెడితే చాలు. అదే మొత్తాన్ని రోజుకు కొంచెం చొప్పున కాండం మొదట్లో చిలకరిస్తే ప్రయోజనం శూన్యం. కూరగాయల మడికి, కొత్తగా నాటిన మొక్కకు కూడా ఇటువంటి మినహాయింపే న్యాయం.

ఇక తోటకు నీరు పెట్టే రోజుల లెక్క. సరి సంఖ్య ఇళ్లకు ఒక రోజు, బేసి సంఖ్య ఇళ్లకు ఒక రోజు. వారానికి రెండుసార్లు, ఆ తరువాత ఒకేసారి. అమలు చేసే అధికారికి ఇది ఎంతో సులువు, వీధిలో నడుస్తూనే తప్పు పట్టవచ్చు. దక్షిణ కాలిఫోర్నియాలో 2022 జూన్ నుంచి సుమారు 60 లక్షల మందికి వారానికి ఒక్క రోజు నియమం పెట్టినప్పుడు కారణం అత్యవసరం, ఆ తొందరను మేము తప్పుపట్టము. కానీ మనిషి స్వభావం ఒకటుంది. ఈ రోజు దాటితే మళ్లీ వారం దాకా వంతు రాదన్న భయంతో, నేల అడగకపోయినా, మబ్బు పట్టినా, అవసరానికి రెట్టింపు పారించేవారు కనిపిస్తారు. గొట్టం తెరవని రోజుల పొదుపును తెరిచిన రోజు మింగేస్తుంది. పైగా ఒకే ఉదయం అన్ని ఇళ్లలోనూ గొట్టాలు తెరుచుకుంటే ఎత్తు ప్రాంతాల కుళాయిలకు నీటి ఒత్తిడి అందదు. వేళల నియమానికి మాత్రం గట్టి కారణం ఉంది. తెల్లవారుజామున గాలి తక్కువ, ఎండ లేదు, నీరు నేలలోకి దిగుతుంది. మధ్యాహ్నం పెట్టేదానిలో కొంత ఆకాశానికి పోతుంది.

రోజులకు బదులు మొత్తాన్ని నిర్దేశించడం మేలని మేము భావిస్తున్నాము. ఆస్ట్రేలియాలో దీర్ఘకాలపు కరవు నడిచిన రోజుల్లో ఆగ్నేయ క్వీన్స్‌లాండ్ 2007లో మనిషికి రోజుకు 140 లీటర్ల లక్ష్యాన్ని, మెల్‌బోర్న్ 2008లో 155 లీటర్ల లక్ష్యాన్ని ప్రజల ముందుంచాయి. తోట నియమాలు అక్కడా ఉన్నాయి, కఠినంగానే ఉన్నాయి. అయినా ఇంటింటికీ గుర్తుండిపోయింది ఒక్క అంకె. ఆ అంకెలోపల తన నీటిని మల్లెపాదుకు పోసుకుంటాడో, ఇంకొక బక్కెట స్నానానికి వాడుకుంటాడో ఎంచుకునే బాధ్యత ఇంటివాడిదే. అయితే దీనికి ప్రతి ఇంటికీ పనిచేసే మీటరు ఉండాలి, నెలకో రెండు నెలలకో ఒకసారి కాక కరవు సాగినంత కాలం వారం వారం ఆ మీటరు చెప్పే మాట ఇంటివారికి అందాలి. మీటర్లు లేని చోట లీటర్ల ఉత్తర్వు కాగితం మీదే ఉండిపోతుంది. అక్కడ రోజుల నియమమే గతి అన్నది ఒప్పుకోక తప్పదు.

ఇంగ్లండులో కరవు వస్తే గొట్టాన్ని నిషేధిస్తారు, నీళ్లడబ్బాను నిషేధించరు. పైకి ఇది పాతకాలపు ఆచారంలా కనిపిస్తుంది, నిజానికి అందులో మంచి ఆలోచన ఉంది. గంటసేపు తెరిచి ఉంచిన గొట్టం నుంచి వెయ్యి లీటర్ల దాకా పోతాయి, చేతికి మాత్రం ఏమీ తెలియదు. పది లీటర్ల డబ్బా పది కిలోల బరువు. దాన్ని పెరటి చివరి దాకా నాలుగుసార్లు మోసినవాడు అయిదో మొక్కకు నిజంగా నీరు కావాలో లేదో వేలు మట్టిలో గుచ్చి చూస్తాడు. మోయలేని వృద్ధులకు, వికలాంగులకు మినహాయింపు ఇవ్వడం, చుక్క చుక్కగా తడిపే డ్రిప్ పైపులను అనుమతించడం సబబు. మొదళ్ల చుట్టూ ఎండుటాకులో, గడ్డో, చెక్కపొట్టో రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే తడి చాలాకాలం నిలుస్తుంది. బట్టలుతికిన నీటిని మొక్కలకు పోసేవారు అందులోని ఉప్పు నేలలో పేరుకోకుండా అప్పుడప్పుడూ మంచినీటితో కడగాలి, పచ్చిగా తినే ఆకుకూరల మీద దాన్ని పోయకూడదు.

ఆంక్షలు అందరికీ ఒకటే అనిపించినప్పుడే జనం వాటిని మన్నిస్తారు. బెంగళూరు జలమండలి 2024 మార్చిలో తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి, ఫౌంటెన్లకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. జరిమానా పద్ధతితో ఎక్కడైనా వచ్చే చిక్కే ఇది: సామాన్యుడికి అది దెబ్బ, సంపన్నుడికి అది పచ్చదనానికి కట్టే అద్దె. సొంత బోరు ఉన్నవాడు తనకీ నియమం వర్తించదంటాడు. భూగర్భ జలానికి ప్రహరీ గోడ అడ్డం రాదు గనుక, పక్కింటి చేతిపంపు ఎండిపోవడానికి అతని పచ్చిక కారణం కావచ్చు. ప్రభుత్వ భవనాల ముందు గడ్డి నిగనిగలాడుతుండగా పౌరులకు పొదుపు బోధించడం ఎంత అసహ్యంగా ఉంటుందో వేరే చెప్పాలా? ఎండబెట్టవలసిన మొదటి పచ్చిక కార్యాలయం ముందరిది. 2014లో కాలిఫోర్నియాలో ఒకవైపు రాష్ట్రం నీరు వృథా చేస్తే రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా అంటుంటే, మరోవైపు కొన్నిచోట్ల గడ్డి ఎండబెట్టినందుకు ఇంటివారికి జరిమానా హెచ్చరికలు వెళ్లాయి. కరవు కాలంలో నివాస సంఘాలు అలా శిక్షించకూడదని అదే ఏడాది చట్టం తెచ్చి దాన్ని సరిదిద్దవలసి వచ్చింది. పచ్చిక పచ్చగా ఉండడమే పరువు అన్న భావన ఎంత లోతుగా నాటుకుపోయిందంటే, ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు పూసే వ్యాపారం కూడా అక్కడ నడిచింది.

నీటి సంస్థలకు మరొక మాట. పౌరులు పొదుపు చేస్తే అమ్మకం తగ్గుతుంది, గొట్టాల ఖర్చూ పంపుల ఖర్చూ తగ్గవు, కనుక రేటు పెరుగుతుంది. లెక్క సరైనదే కావచ్చు. కానీ తోటను ఎండబెట్టుకున్న ఇల్లాలి చేతికి మరుసటి ఏడాది ఎక్కువ బిల్లు వస్తే, ఆమెకది పొదుపుకు పడిన శిక్షలాగే కనిపిస్తుంది. ఈ సంగతిని ఆంక్షలు ప్రకటించిన రోజునే దాచకుండా చెప్పాలి, కనీస వాడకానికి పెంపు తగలకుండా పై శ్లాబుల మీదనే భారం మోపాలి.

ఎత్తివేయడానికీ ఒక పద్ధతి కావాలి. బ్రిటన్ 1976 ఆగస్టులో కరవుకు ప్రత్యేకంగా డెనిస్ హోవెల్ అనే మంత్రిని నియమిస్తే, రోజుల వ్యవధిలోనే వానలు పడ్డాయి. మంత్రిగారి మహిమ అని జనం నవ్వుకున్నారు. మొదటి వానకు పచ్చిక పచ్చబడుతుంది, జలాశయం నిండదు, భూగర్భ జలమట్టం అంతకన్నా ఆలస్యంగా లేస్తుంది. కాబట్టి ఏ జలాశయంలో ఎంత మట్టానికి చేరితే ఏ నియమం సడలుతుందో ఆంక్షలు పెట్టేనాడే ప్రకటించాలి. సడలించేటప్పుడు చెట్లకూ కూరగాయలకూ మొదట, పచ్చికకు అన్నిటికన్నా చివర. కాలిఫోర్నియా గవర్నరు 2017 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అధిక భాగానికి కరవు అత్యవసర స్థితిని ఎత్తివేసినప్పుడు కూడా, వాన కురిసిన వెంటనే తోటకు నీరు పెట్టడం, గొట్టంతో కాలిబాటలు కడగడం వంటి వృథా పనులపై నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచారు.