వినిపించని ఫోను ఎవరికి?

అంధులకు పంచిన ఫోన్లలో మాట సరిగా వినిపించడం లేదని కర్నూలులో లబ్ధిదారులు మొరపెట్టుకుంటే, పంచినవారి నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఈ జవాబును ఒకసారి ఒప్పుకుంటే రేపు ప్రతి టెండరుకూ ఇదే ఆనవాయితీ అవుతుంది.

చూపు లేనివారికి ఫోను పలికే మాటే తెర. లౌడ్‌స్పీకరు మోగితే పక్కవారికి ఇబ్బందనీ, చెవులకూ చేటనీ అంటున్నారు. నిజమే, తగ్గించుకునే వీలు ఉండాలి. కానీ రాజ్‌విహార్ కూడలిలో హారన్ల మధ్య రోడ్డు దాటే అంధుడికి చెవులే ఆధారం. వాటినే మూసుకోమంటారా?

ఆండ్రాయిడ్ 8 నుంచి, అంటే 2017 నుంచి, తెరపై ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ మాటకు పాటల శబ్దంతో సంబంధం లేని వేరే వాల్యూమ్ ఉంది. అది మాట్లాడుతుండగా పక్కనున్న వాల్యూమ్ బటన్ నొక్కితేనే మాట పెరుగుతుంది. ఆగాక నొక్కితే పెరిగేది పాటో, రింగో. ఆడియో డకింగ్ ఆన్ చేస్తే మాట వచ్చినప్పుడు మిగతా శబ్దం దానంతటదే తగ్గుతుంది. ఫోను చేతిలో పెట్టేటప్పుడు ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఇవన్నీ సరిచేశాక కూడా మాట అందకపోతే తప్పు స్పీకరుది. నాసిరకం స్పీకరు పూర్తి వాల్యూమ్‌లో బొంగురుపోతుంది, హల్లులు కలిసిపోతాయి. స్పీకరు జాలీలో దుమ్ము పేరుకుంటే మరీ అన్యాయం.

పోనీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా గండం తప్పదు. కాసేపు నిశ్శబ్దంగా ఉన్నాక మాట మొదలైతే చాలా బ్లూటూత్ పరికరాలు మొదటి అక్షరాన్ని మింగేస్తాయి. అప్పుడు ఇరవై, అరవై రెండూ 'రవై'గానే వినిపిస్తాయి. ఖాతాలో పడిన సొమ్ము ఎంతో పక్కవారిని అడగాలి, ఓటీపీ కూడా వారితోనే చదివించుకోవాలి. మోసపోతే ఎవరిది పూచీ?

రోజువారీ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగే రూపంలో దొరికేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. వేదికలెక్కి ఈ హక్కుల గురించి ఉపన్యసించేవారే కొనుగోలు దగ్గరికి వచ్చేసరికి పెట్టెలు లెక్కపెట్టి బిల్లు పాస్ చేస్తున్నారు. ఇదే ఆనవాయితీగా మారితే అనంతపురం, కడపల్లో జరిగేదీ ఇదే.

పరీక్షకు పెద్ద ఖర్చేం లేదు. రద్దీవేళ బస్టాండు ప్లాట్‌ఫాంపై ఫోనును మూరెడు దూరంలో పట్టుకుని, ఫోనులోని తెలుగు గొంతుతో ఇరవై అంకెలు చదివించాలి. ఇంగ్లిషు గొంతుతో చదివిస్తే చాలదు, ఒక్కో గొంతు ఒక్కో స్థాయిలో పలుకుతుంది. విని సరే అనాల్సింది అంధులే, సరఫరాదారు కాదు. ఆ పరీక్షలో తప్పిన ఫోన్లను వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వండి. అంతవరకూ లబ్ధిదారుల వేలిముద్రలున్న రిజిస్టరును విజయంగా చూపుకోవడం మానండి.