మహారాజశ్రీ టెస్ట్ బెంచి గారి సముఖానికి

మహారాజశ్రీ మా స్టోర్ రూమ్ టెస్ట్ బెంచి గారి సముఖానికి, తమరి దగ్గర జీతం లేకుండా పనిచేస్తున్న సోల్డరింగ్ కూలీ నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఉభయం అని అలవాటు కొద్దీ అన్నాగానీ కుశలం తమరొక్కరికే, నా పర్సుకి లేదు.

అసలు తమరిని ఎందుకు కట్టానో ఓసారి గుర్తు చేస్తా, మర్చిపోయినట్టున్నారు. పాత వీడియో గేమ్ షాపుల్లో ఉండే సర్క్యూట్ బోర్డులు, అదే రూపాయి బిళ్ళ వేసి ముస్తఫా ఆడిన కాలం నాటివి (1993లో క్యాప్‌కామ్ వాళ్ళు దానికి కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని పేరు పెట్టుకున్నారు, పెట్టుకోనివ్వండి, మనకి అది ముస్తఫానే), అవి చెడిపోయి తుక్కులో దొరికితే ఇంట్లోనే బాగుచేసుకుందామని. బోర్డు పేషెంటు, నేను డాక్టరు, తమరు, అంటే బోర్డుకి కరెంటూ స్క్రీనూ స్పీకరూ తగిలించి పరీక్షించే బల్ల, మంచం. ఇప్పుడు చూస్తే పేషెంటు కింద కూర్చుంది, మంచానికి సెలైన్ ఎక్కుతోంది.

ముందు తమరి తిండి సంగతి మాట్లాడదాం. ఈ బోర్డులకి ముఖ్యంగా కావల్సింది 5 వోల్టులు, సౌండుకి సాధారణంగా 12, కొన్ని పాతవాటికి మైనస్ 5. ఇంట్లో పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) ఉందిగా సరిపెట్టుకోండి అంటే అందులో మైనస్ 5 లేదు, ఆ లైను ఎప్పుడో తీసేశారు, మైనస్ 12 నుంచి 7905 అనే రెగ్యులేటర్ చిప్పు పెట్టి లాక్కోవాలి, పైగా వోల్టేజీ పెంచుకోడానికి స్క్రూ కూడా ఉండదు. సరే పోనీ అని స్క్రూ ఉన్న ఆర్కేడ్ (అదే, షాపు గేముల) సప్లై కొన్నా. మీటర్ పెడితే సప్లై దగ్గర 5.00, నీటుగా. అదే మీటరు తీసుకెళ్ళి బోర్డు మీద చిప్పు కాళ్ళ దగ్గర పెడితే 4.68. ఈ బోర్డుల్లో ఉండే టీటీఎల్ రకం లాజిక్ చిప్పులకి కనీసం 4.75 ఉండాలి, అంతకన్నా తగ్గితే అవి పనిచేస్తున్నట్టు నటిస్తాయి. మధ్యలో పోయిన ఆ 0.32 ఏమైంది సార్? వైరు తన వాటా తీసుకుంది, కనెక్టర్ తన వాటా తీసుకుంది, మిగిలింది బోర్డుకి చేరింది. బోర్డుని తమరికి గుచ్చే జమ్మా అనే స్టాండర్డ్ కనెక్టర్‌లో మొత్తం 56 కాంటాక్టులు, పక్కకి 28, అందులో 5 వోల్టులకే 4, గ్రౌండుకి 8 ఇచ్చారు 1980లలో జపాన్ వాళ్ళు, కరెంటు ఎక్కువ పోవాలి కాబట్టి. తమరికి నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన వైర్ల హార్నెస్‌లో ఆ నాలుగింటికీ కలిపి ఒకటే వైరు, అదీ దారప్పోగంత.

సరే స్క్రూ తిప్పి చిప్పు దగ్గర 5 వచ్చేలా చేశానే అనుకోండి, పెద్ద బోర్డు తీసి చిన్న బోర్డు పెట్టగానే అది కరెంటు తక్కువ లాగుతుంది, దారిలో వాటాలు తగ్గుతాయి, వోల్టేజీ పై హద్దు 5.25 కూడా దాటిపోవచ్చు. కాబట్టి బోర్డు మారినప్పుడల్లా స్క్రూ తగ్గించు, బోర్డు పెట్టు, మీటర్ పెట్టు, మళ్ళీ పెంచు. ఇంత మడి మా నాయనమ్మ కూడా పాటించలేదు.

కనెక్టర్ ఏడో పిన్ను దగ్గర కీ ఒకటుంటుంది, బోర్డు తిరగేసి గుచ్చకుండా. గోరంత ప్లాస్టిక్ ముక్క. బోర్డులో గాడి ఉంది, తమరి కనెక్టర్‌లో మాత్రం ముక్క లేదు. అది విడిగా కొనుక్కోవాలంట. ప్రాణం కాపాడే పార్టు ఒక్కటే ఎక్స్‌ట్రా అన్నమాట.

ఇక బొమ్మ. ఈ బోర్డుల వీడియో తెర మీద గీతలు గీసే వేగం 15 కిలోహెర్ట్జ్, చాలా కంప్యూటర్ మానిటర్లు మొదలయ్యేదే 31 దగ్గర. మానిటర్ పెడితే "అవుట్ ఆఫ్ రేంజ్" అని ఒక డబ్బా అటూ ఇటూ తిరుగుతుంది, నా పేషెంట్ల దగ్గర నేను చూసిన మొదటి కదలిక అదే. యూరప్ టీవీల్లో స్కార్ట్ అని ఉండేది, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా) నేరుగా పోయేది, మన టీవీల వెనక చూస్తే పసుపు, ఎరుపు, తెలుపు చిల్లులే. చైనా కన్వర్టర్ బోర్డు తెచ్చి పెట్టా, రంగులన్నీ సున్నం కొట్టినట్టు వచ్చాయి, ఎందుకంటే అది అడిగేది 0.7 వోల్టు, ఆర్కేడ్ బోర్డు ఇచ్చేది దానికి నాలుగైదు రెట్లు. మళ్ళీ మూడు రంగులకీ రెసిస్టర్లు. పాత సీఆర్‌టీ టీవీ విప్పి ఆర్‌జీబీ లోపల కలిపేద్దాం అనిపించింది గానీ చాలా పాత టీవీల్లో చాసిస్ నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది, మెయిన్స్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చెయ్యి పెడితే తమరికి ఏమీ కాదు, నాకే ఫోటో ఫ్రేమ్ కట్టించాలి.

ఇంతకీ నా అసలు ఫిర్యాదు ఏంటంటే, తప్పంతా తమరిది, నింద మాత్రం బోర్డుది. బొమ్మ దొర్లుతుంది, బొమ్మని నిలిపే సింక్ చిప్పు పోయిందంటాం, తీరా చూస్తే 14వ పిన్ను వీడియో గ్రౌండ్ వైరు తమరి దగ్గర ఊగుతూ ఉంటుంది. గేమ్ మొదలై మొదలై మళ్ళీ రీసెట్ అవుతుంది, వాచ్‌డాగ్ (బోర్డు తికమకపడితే రీసెట్ చేసే సర్క్యూట్) మొరుగుతోంది, ర్యామ్ పోయింది అనుకుని 6116 అనే ర్యామ్ చిప్పు పీకడానికి కూర్చుంటాం, కారణం చూస్తే తమరి నీరసం, 4.68. సౌండులో బుర్ర్ అని వస్తుంది, ఎందుకయ్యా అంటే స్పీకర్ మైనస్‌ని గ్రౌండుకి కలిపి ఉంది, కొన్ని బోర్డుల్లో అది గ్రౌండ్ కాదు, కలిపితే యాంప్లిఫయర్‌కి ఆయువు మూడుతుంది. తమరు కరెక్టా కాదా తెలియాలంటే బాగున్న బోర్డు ఒకటి కావాలి, బోర్డు బాగుందా లేదా తెలియాలంటే తమరు కరెక్టుగా ఉండాలి. పెళ్ళైతేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు. చివరికి తమరిని పరీక్షించడం కోసమే పనిచేసే బోర్డు ఒకటి డబ్బు పెట్టి కొన్నా. దాంట్లో రిపేరు చెయ్యాల్సింది ఏమీ లేదు, మన ఇంట్లో హాయిగా ఉంటున్నది అదొక్కటే.

చిప్పుల కోసం కోఠి గుజరాతీ గల్లీకి పోతే అదో కథ. 74ఎల్‌ఎస్245 అనే లాజిక్ చిప్పు అడిగితే "ఎల్‌ఎస్ అయిపోయినయ్ అన్నా, హెచ్‌సీ తీస్కపో, సేమే" అన్నాడు. సేమ్ కాదు, రెండూ వేరే రకాలు. ఎల్‌ఎస్ చిప్పు హై (అంటే 1) అని గ్యారంటీగా ఇచ్చేది 2.7 వోల్టులు, హెచ్‌సీ హై అని ఒప్పుకునేది 3.5 దగ్గర. హెచ్‌సీటీ అయితే పర్లేదు. ఆ ఒక్క టీ కోసం గల్లీ మొత్తం తిరిగా, దొరికింది రెండు గ్లాసుల ఇరానీ టీ.

తమరి తప్పు లేనివి కూడా ఉన్నాయి, ఒప్పుకుంటా. ఒరిజినల్ ముస్తఫా బోర్డులో సౌండ్ ప్రాసెసర్‌కి బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే లోపలి రహస్య కోడ్ విప్పే కీ చెరిగిపోయి ప్రాసెసర్‌కి తన ప్రోగ్రామే అర్థం కాదు, దాన్ని సూసైడ్ బ్యాటరీ అంటారు. ఇంకో ఘనత కూడా ఉంది, ఎన్నో "చచ్చిన" బోర్డుల్ని తమరి మీద బతికించింది పిల్లల పెన్సిల్ రబ్బరు, అంచు కాంటాక్టుల మీద పట్టిన నలుపు తుడిస్తే చాలు లేచి కూర్చున్నాయి. వేలు పోసి కొన్న చిప్పుల సిగ్నల్ చూసే లాజిక్ ప్రోబ్ ఆ సీన్ మొత్తం పక్కన పడుకుని చూసింది.

ఫోన్‌లో పాత గేములు ఆడించే సాఫ్ట్‌వేర్, అదే ఎమ్యులేటర్, వేసుకుంటే అయిపోద్దిగా అంటాడు మా తమ్ముడు. మేమ్ (MAME) అనే ఎమ్యులేటర్ 1997 నుంచే ఉందిరా, దాంతోనే కదా ర్యామ్‌లో ఏ అడ్రస్‌కి ఏముందో చూసుకుంటున్నా, గేమ్ ఉండే రోమ్ చిప్పు చదివి, డేటా సరిచూసే చెక్‌సమ్ కలిసిందో లేదో చూసుకుంటున్నా అని చెప్తే వాడు నన్ను చూసిన చూపు తమరు చూడలేదు, అప్పటికి తమరు పవర్ ఆఫ్‌లో ఉన్నారు.

ఇదిలా ఉంటే, మీటర్లూ వైర్లూ చూసి పక్కింటి పిన్నిగారు మిక్సీ తెచ్చి తమరి మీద పెట్టి వెళ్ళారు. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, మార్చా, తిరిగింది. వీధిలో పేరొచ్చింది. ఇప్పుడు ఇండక్షన్ స్టవ్ ఒకటి, ఎమర్జెన్సీ లైటు ఒకటి, చెవిలో పెట్టుకునే మిషను ఒకటి క్యూలో ఉన్నాయి. బోర్డులకి టోకెన్ దొరకట్లేదు.

ఇట్లు,
తమరి విధేయుడు.

తా.క.: ఈ ఆదివారం 5 వోల్టులకీ గ్రౌండుకీ 1 స్క్వేర్ ఎంఎం వైర్లు వేస్తున్నా, ప్రతి పిన్నుకీ విడివిడిగా. చిప్పు దగ్గర 4.9 కన్నా తక్కువ చూపించారో, ఇండక్షన్ స్టవ్ తమరి మీదే ఉంటుంది, పర్మనెంటుగా.